మార్చవలసిన మంచినీటి పైపులను ఎంచుకోవడానికి పాత మరమ్మతు లెక్కలు ఎంతవరకు పనికి వస్తాయి?

ప్రశ్న – పెన్నగట్టు

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలోని ఒక పురపాలక పట్టణంలో మంచినీటి సరఫరా విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మా ఊరి పాత పేటల్లో సీసం పోసి అతికిన కాస్ట్ ఐరన్ లైన్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటి తరువాత వేసిన ఆస్బెస్టాస్ సిమెంటు పైపులు, శివారు లేఅవుట్లలోని పి.వి.సి., ఈమధ్య పథకాల కింద వేసిన డి.ఐ. (పెళుసుతనం లేని డక్టైల్ ఇనుము), హెచ్.డి.పి.ఇ. (గట్టి ప్లాస్టిక్) లైన్లు ఒకే ఓవర్‌హెడ్ ట్యాంకు కింద కలగలిసి ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. రాబోయే సంవత్సరం వీటిలో కొద్ది కిలోమీటర్లు మార్చడానికి మాత్రమే నిధులు దొరికేలా ఉన్నాయి. ఏ వీధిని ముందు తవ్వాలి, ఏ వీధిని ఆపాలి అన్న నిర్ణయానికి దేన్ని ఆధారం చేసుకోవాలన్నదే నా ప్రశ్న.

ఇంతవరకు మా దగ్గర నడుస్తున్న పద్ధతులు రెండు. సిమెంటు రోడ్డు మంజూరైన వీధిలో రోడ్డుకన్నా ముందుగా పైపు మార్చడం ఒకటి, అన్నిటికన్నా పాత లైనును ముందు తీసివేయడం మరొకటి. ఇటీవల ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రతినిధులు వచ్చి, పైపుల వివరాలు ఇస్తే రాబోయే ఐదేళ్లలో ఏది పగిలే అవకాశం ఎక్కువో పటం మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపుతామని చెప్పారు. వారు చూపిన నమూనా ఒక విదేశీ నగరానిది. అక్కడ ఇరవై నాలుగు గంటలూ పైపుల్లో ఒత్తిడితో నీరు ఉంటుంది. మేము ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత నీళ్లు వదులుతాము. అక్కడి లెక్క ఇక్కడ నిలుస్తుందా?

మా చేతిలో ఉన్న సమాచారం ఫిట్టర్లు రాసిన మరమ్మతు రిజిస్టర్లు, బిల్లుల కోసం పని కొలతలు రాసిన ఎం.బుక్కులు, వార్డు సచివాలయాలకు వచ్చిన ఫిర్యాదులు, సగం వీధులకే ఉన్న పైపులైను పటాలు. మిగిలినదంతా సీనియర్ ఫిట్టర్ల జ్ఞాపకంలో ఉంది, వారిలో ఎక్కువమంది త్వరలో పదవీ విరమణ చేయబోతున్నారు. ఇంత అరకొర సమాచారంతో రేపటి పగుళ్లను అంచనా వేయడం సాధ్యమేనా? సాధ్యమైతే ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు – విశ్రాంత డి.ఇ., ఒంగోలు

ఏ.ఇ. గారూ, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా (డి.ఇ.) పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, అన్నిటికన్నా పాత లైనును ముందు తీయాలన్న నియమాన్ని మొట్టమొదట పక్కన పెట్టండి. వయసుకూ పగుళ్లకూ సంబంధం లేదని నేను అనడం లేదు. కానీ వయసు ఒక్కటే చూసి ఎంచుకుంటే, ఇంకా చాలాకాలం పనిచేయగల పైపును తీసివేసి, చిన్న వయసులోనే శిథిలమైన దానిని భూమిలో వదిలేస్తాము. పూర్వకాలపు కాస్ట్ ఐరన్ పైపులు గోడ మందంగా పోతపోసినవి. తరువాతి కాలంలో యంత్రంతో తిప్పి పోసిన పైపుల గోడ పలచబడింది. అందువల్ల తాతల నాటి లైను నిలిచి ఉండగా, దానికన్నా ముప్పై ఏళ్లు చిన్నది పదేపదే పగలడం ఇంజనీర్లకు కొత్త సంగతి కాదు. వ్యాసం కూడా చూడాలి. మూడు, నాలుగు అంగుళాల పైపులకు వంపును తట్టుకునే బలం తక్కువ గనుక, కింద నేల కొద్దిగా కదిలినా అవి అడ్డంగా తెగిపోతాయి.

నేల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన రెండు జిల్లాల మధ్య తేడా అక్కడే ఉంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. అది ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది, వానలు పడగానే నీరు పీల్చి ఉబ్బుతుంది. ఈ కదలికకు ఆస్బెస్టాస్ సిమెంటు, కాస్ట్ ఐరన్ లాంటి పెళుసు పైపులు తట్టుకోలేవు. పెన్నా ఒడ్డున ఉన్న మీ ఇసుక నేలల్లో అంత కదలిక ఉండదు. అయితే అక్కడ మరొక చిక్కు ఉంది. రేగడిలో పైపు కారితే నీరు కిందికి ఇంకలేక రోడ్డు మీదికి వస్తుంది, ఎవరో ఒకరు చూసి చెబుతారు. ఇసుకలో అదే లీకు నెలల తరబడి కిందికి ఇంకిపోయినా పైకి తడి కూడా కనిపించకపోవచ్చు. కాబట్టి మీ రిజిస్టరులో ఒక వీధికి మరమ్మతులు తక్కువగా కనిపించినంత మాత్రాన అక్కడి లైను బాగున్నదని అనుకోకండి. తీరానికి దగ్గరి ఉప్పు నేలల్లో ఇనుము తుప్పు పట్టడం కూడా వేగంగా ఉంటుంది.

ఇక కారణాలను విడదీయకుండా లెక్క మొదలుపెట్టవద్దు. రిజిస్టరులో అన్నిటినీ లీకు అనే రాస్తారు. గొట్టం అడ్డంగా తెగిందా, నిలువుగా చీలిందా, జాయింటు దగ్గర కారిందా, ఇంటి కనెక్షన్ ఇచ్చే ఫెర్రూల్ దగ్గర పోయిందా, కేబుల్ కోసం తవ్విన పొక్లెయిన్ పళ్లు తగిలి పగిలిందా అన్నవి ఐదు వేరువేరు సంగతులు. ఫెర్రూల్ దగ్గర పోతే ఇంటి కనెక్షన్ మారిస్తే చాలు, వీధి లైను మొత్తం తీయనక్కరలేదు. యంత్రం తగిలి పగిలిన వాటిని కలిపి లెక్కిస్తే, మీ ఎర్ర గీతలు శిథిలమైన పైపులను కాకుండా గత ఏడాది కేబుల్ కందకం తవ్విన వీధులను చూపిస్తాయి. అలాంటి నష్టాలను ఆపడానికే 2023 మార్చిలో కేంద్రం, తవ్వే ముందు ఆ చోట పైపులు, కేబుళ్లు ఉన్నవారికి తెలియజేసే ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. ఆ సమస్యకు మందు అక్కడ ఉంది, పైపు మార్పిడిలో లేదు.

విడతలవారీ సరఫరా వల్ల విదేశీ లెక్క ఇక్కడ నిలవదేమోనన్న మీ అనుమానం సరైనదే. ఖాళీ లైనులోకి నీరు వదిలిన ప్రతిసారీ లోపలి గాలి నొక్కుకుపోయి పైపు మీద దెబ్బలా పడుతుంది. గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వులు పనిచేయని చోట, లైనును తెరిచి మూసే స్లూయిస్ వాల్వును గబగబా తిప్పే చోట ఈ దెబ్బ మరీ ఎక్కువ. అందువల్ల రోజుకు ఎన్ని విడతలు వదులుతున్నారు, వాల్వుకు ఆ లైను ఎంత దూరంలో ఉంది అన్న వివరాలు కూడా మీ పట్టికలో చేర్చండి. విదేశీ నమూనాల్లో ఈ గడులు కనిపించవు.

జవాబు – గణాంక ఉపాధ్యాయిని, నెల్లూరు

డి.ఇ. గారు చెప్పినదానికి అంకెల వైపు నుంచి కొంత చేరుస్తాను. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరం కోసం పరిశోధకులు ఒక అంచనా పద్ధతిని తయారుచేసి 2018లో ఫలితాలు ప్రచురించారు. రాబోయే మూడేళ్లలో పైపు పగిలే వీధి భాగాలు ఏవో ముందే చెప్పడం వారి లక్ష్యం. అన్నిటికన్నా ప్రమాదకరమని ఎంచిన తొలి ఒక శాతం భాగాలలో నిజంగా ఎన్ని పగిలాయో చూశారు. గుడ్డిగా ఎంచుకుంటే ఆ వాటా 8 శాతం. పైపు వయసు ఒక్కటే చూసి ఎంచుకుంటే 10 శాతం. గతంలో ఎక్కడెక్కడ పగిలిందో ఆ చరిత్ర ఒక్కటే చూసి ఎంచుకుంటే 48 శాతం. యంత్రాభ్యాస (మెషీన్ లెర్నింగ్) పద్ధతితో అన్ని వివరాలూ కలిపితే 62 శాతం.

ఈ నాలుగు అంకెలను నిదానంగా చూడండి. వయసును నమ్ముకోవడం గుడ్డిగా ఎంచుకోవడంకన్నా ఏమంత మెరుగు కాదు. అసలైన పెద్ద అంగ 10 నుంచి 48కి పడింది, దానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు, ఎక్కడ ఎప్పుడు పగిలిందో సరిగ్గా రాసి ఉన్న రిజిస్టరు చాలు. ఆ తరువాతి 48 నుంచి 62 వరకే గొప్ప యంత్రాల వంతు. సిరక్యూస్ అంకెలు యథాతథంగా మన పట్టణానికి వర్తిస్తాయని నేను అనను, అక్కడ మంచు పడుతుంది, సరఫరా నిరంతరం ఉంటుంది. కానీ ఈ వరుస మాత్రం మనకు కూడా దారి చూపుతుందని నా గట్టి నమ్మకం. మీ దగ్గరి ఫిట్టర్లు పదవీ విరమణ చేయకముందే ఆ రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కించడం మీరు ఈ సంవత్సరం చేయగలిగిన అత్యుత్తమమైన పని.

అంచనాను సరిచూసే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే సంస్థల ప్రదర్శనల్లో సాధారణంగా దాటవేసేది ఇదే. 2021 డిసెంబరు వరకు ఉన్న మరమ్మతులను మాత్రమే చూపి జాబితా తయారుచేయమనండి. ఆ తరువాతి మూడేళ్లలో నిజంగా పగిలిన చోట్లతో ఆ జాబితాను పోల్చండి. పాత, కొత్త సంవత్సరాలను కలిపి, వాటిలో నుంచి యాదృచ్ఛికంగా కొన్నిటిని పరీక్షకు తీస్తే, రేపు జరగబోయేది ముందే చూసిన లెక్క ఎంతో గొప్పగా కనిపిస్తుంది. మీరే తయారుచేసుకున్న సాదా జాబితాను, అంటే కిలోమీటరుకు ఏడాదికి ఎన్ని పగుళ్లు అన్న వరుసను, అదే మూడేళ్లతో పోల్చి చూడండి. సంస్థ జాబితా దానిని స్పష్టంగా మించకపోతే డబ్బు ఖర్చు చేయవలసిన అవసరం లేదు.

కిలోమీటరుకు అన్న మాటను వదలవద్దు. పొడవైన వీధిలో సహజంగానే ఎక్కువ పగుళ్లు ఉంటాయి. మరొక చిక్కు ఏమిటంటే, పైపు 1970లలో వేసినా రిజిస్టరు 2000 తరువాతనే మొదలై ఉండవచ్చు. ఆ ముందు కాలంలో పగుళ్లు లేవని కాదు, రాయలేదని అర్థం. ఆ ఖాళీని సున్నా అని నింపితే పాత పైపులు ఉన్నదానికన్నా బలమైనవిగా కనిపిస్తాయి. అలాగే పైపును మార్చిన వెంటనే దాని పాత వివరాలను తుడిచివేయకండి. అన్నిటికన్నా చెడ్డ పైపులన్నీ అలా లెక్కలో నుంచి మాయమై, మిగిలిన మంచివే ఆ రకానికి ప్రతినిధులుగా నిలుస్తాయి.

జవాబు – వార్డు సచివాలయ ఉద్యోగి

నేను మంచినీరు వంటి సదుపాయాలు చూసే ఎమినిటీస్ కార్యదర్శిగా పనిచేస్తున్నాను. 2019 అక్టోబరులో సచివాలయాలు మొదలైన తరువాతి ఫిర్యాదులన్నీ కంప్యూటరులో ఉన్నాయి గనుక ఇదంతా సులభమని చాలామంది అనుకుంటున్నారు. ఫిర్యాదు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడి నుంచి రాదు అన్నది తెలిసిన మనిషిగా ఒక హెచ్చరిక చేస్తాను. ఉద్యోగస్థులు, విశ్రాంత ఉద్యోగులు ఎక్కువగా ఉన్న కాలనీలో కుళాయి పది నిమిషాలు ఆలస్యమైనా ఫోను వస్తుంది. లైను చివర ఉన్న కాలనీల్లో నీళ్లు రాకపోవడం అలవాటై, జనం ట్యాంకరుకు, క్యాన్లకు సర్దుకున్నారు. అక్కడ పైపు చీలి ఉన్నా చెప్పేవారు ఉండరు. ఫిర్యాదుల లెక్క ఒక్కటే పట్టుకుని పైపులు మారిస్తే, గట్టిగా అడగగలిగిన వీధులకే మళ్లీ మళ్లీ కొత్త పైపులు వస్తాయి. ఇది నాకు బాధ కలిగించే విషయం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫిర్యాదులలో నిజంగా విలువైన రకం ఒకటి ఉంది. నీళ్లు వదిలిన తొలి ఐదు నిమిషాలు మురికిగా, వాసనతో వచ్చి, తరువాత తేటపడుతున్నాయని చెప్పేవి. లైను ఖాళీగా ఉన్న సమయంలో బయటి మురుగు లోపలికి చేరిందనడానికి అది గుర్తు. కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగినప్పుడు కూడా పగుళ్ల గుండా మురుగు లోపలికి వస్తుంది. ఈ ఫిర్యాదులను లీకుల కింద కలపకుండా విడిగా ఒక గడిలో రాయండి. పగిలి రోడ్డు మీద నీరు చిమ్మే పైపుకన్నా, లోపలికి మురుగు పీల్చుకునే చిన్న పగులు మనుషులకు ఎక్కువ హాని చేస్తుంది.

చిరునామాల విషయంలో మా అనుభవం ఇది: రిజిస్టరులో ఆంజనేయస్వామి గుడి ఎదురుగా, పాత రేషన్ షాపు సందు మొగలో అని ఉంటుంది. గుడి ఉన్నది, రేషన్ షాపు ఎప్పుడో మారిపోయింది. ఆ చోట్లను ఫిట్టరుతో కలిసి నడిచి, ఫోనులో లొకేషన్ గుర్తు పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. అలా నడిచేటప్పుడు రాతలో లేని సంగతులు కూడా బయటపడతాయి. ఫలానా లైనుకు అడుగున ఇసుక పరచకుండా రాళ్ల మీదనే పైపు దించారన్నది ఏ ఎం.బుక్కులోనూ ఉండదు, ఫిట్టరుకు తెలుసు.

పెన్నగట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాకు ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. తరచుగా పగిలే చిన్న లైను ఒకటి, అరుదుగా పగిలినా ఆసుపత్రులకు నీరు తీసుకువెళ్లే లైను మరొకటి, మురుగు కాలువ అడుగుగా పోయే లైను ఇంకొకటి ఉంటే, ఈ మూడింటినీ ఒకే వరుసలో ఎలా నిలబెట్టాలి? రెండవది ఆస్బెస్టాస్ సిమెంటు పైపుల గురించి. మా రిజిస్టరులో అవి వేసిన సంవత్సరం కూడా సరిగ్గా లేదు, పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది మెత్తబడిందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు – విశ్రాంత డి.ఇ., ఒంగోలు

మొదటి సందేహానికి: పగిలే అవకాశం ఒక గడి, పగిలితే జరిగే నష్టం మరొక గడి. రెండింటినీ గుణించి వరుస కట్టాలి. నెల్లూరు పొగతోటలో వరుసగా ఆసుపత్రులున్న వీధి లైను, నివాస వీధిలోని మూడంగుళాల లైను రెండూ ఒకే విధంగా పగిలే స్థితిలో ఉన్నాయనుకుందాం. మొదటిదానికి నష్టం గడిలో ఎక్కువ మార్కులు పడతాయి. అయితే మురుగు కాలువను దాటే లైన్లను ఈ గుణకారంలోకి తేవద్దని నా సలహా. ఒంగోలులో పోతురాజు కాలువ, నెల్లూరులో సర్వేపల్లి, జాఫర్ సాహెబ్ సాగునీటి కాలువలు, వాటిలో కలిసే సైడు కాలువలు ఉన్నాయి. ఇలాంటి కాలువలను దాటే ప్రతి చోటనూ, మురికి నీళ్ల ఫిర్యాదు వచ్చిన ప్రతి లైనునూ విడి జాబితాగా తీసి ముందు పూర్తి చేయండి. అక్కడ చాలాసార్లు లైను మొత్తం మార్చనక్కరలేదు. కాలువ దాటే కొద్ది మీటర్లను పైకి ఎత్తి డి.ఐ. పైపుతో వేసి, కాలువ లోపల ఉన్న ఇంటి కనెక్షన్లను బయటికి జరిపితే సరిపోతుంది. ఖర్చు తక్కువ, వచ్చే మేలు చాలా ఎక్కువ.

ఇంకొక విషయం కలపకుండా చూడండి. 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ అమృత్ 2.0 పథకం, లెక్కకు రాని నీటిని (సరఫరాలో పోయి బిల్లుకు రాని నీటిని) 20 శాతానికన్నా తక్కువకు తేవాలని లక్ష్యంగా పెట్టుకుంది. పగుళ్లు తగ్గించడానికి ఎంచుకునే పైపులూ, ఆ నీటి నష్టాన్ని తగ్గించడానికి ఎంచుకునేవీ ఒకటే కానవసరం లేదు. పెద్ద పగులును సాయంత్రానికల్లా కడతాము. తుప్పు పట్టిన జి.ఐ. (జింకు పూత ఇనుము) ఇంటి కనెక్షన్ల నుంచి కారే సన్నధార మాత్రం సరఫరా ఉన్నంతసేపూ, ఏళ్ల తరబడి పోతూనే ఉంటుంది. నిధులు ఏ లక్ష్యం కింద వచ్చాయో చూసుకుని జాబితా తయారుచేయండి.

రెండవ సందేహానికి: మరమ్మతు చేసినప్పుడు కోసి తీసిన ముక్కను పారవేయకండి. ఆస్బెస్టాస్ పైపు కోసిన అంచును నీటితో కడిగి, ఆరిన తరువాత దాని మీద ఫినాల్ఫ్‌థలీన్ ద్రావణం చల్లండి. మీ ఊరి కళాశాల రసాయన శాస్త్ర ప్రయోగశాలలో అది దొరుకుతుంది. సిమెంటులో సున్నం ఇంకా మిగిలి ఉన్న మేర గులాబీ రంగు తిరుగుతుంది. సున్నం కరిగిపోయి మెత్తబడిన మేర రంగు మారదు. లోపలి వైపు నుంచి కొంత, బయటి వైపు నుంచి కొంత రంగు లేని వలయం కనిపిస్తే, ఆ రెండు మందాలనూ స్కేలుతో కొలిచి రాయండి. మధ్యలో గులాబీగా మిగిలినదే ఇప్పుడు ఆ పైపుకున్న అసలు బలం. బయటి వైపు ఎక్కువ పోతే నేల కారణం, లోపలి వైపు ఎక్కువ పోతే నీటి గుణం కారణం. ఈ పైపును కోసేటప్పుడు తప్పనిసరిగా నీరు పోస్తూ చేతిరంపంతో కోయించండి, ఫిట్టర్లకు మంచి మాస్కు ఇవ్వండి. పొడిగా గ్రైండరుతో కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

కాస్ట్ ఐరన్ ముక్కనైతే కత్తి మొనతో గీయండి. తుప్పులో ఇనుము పోయి గ్రాఫైటు మాత్రమే మిగిలితే, చూపుకు గోడ మందం పూర్తిగా ఉన్నట్టే ఉంటుంది కానీ పెన్సిలు ములికిలా నల్లగా రాలుతుంది. రాలినదంతా తీసివేసి, మిగిలిన గట్టి లోహాన్ని వెర్నియరుతో (మందం కొలిచే పరికరంతో) కొలవండి. ఇలా కొలిచిన ముక్కలు కొన్ని చేరితే, అదే కాలంలో, అదే పథకం కింద, అదే నేలలో వేసిన మిగతా లైన్ల స్థితి కూడా అర్థమవుతుంది.

జవాబు – గణాంక ఉపాధ్యాయిని, నెల్లూరు

డి.ఇ. గారు చెప్పిన ఆ కొలతలను పట్టికలో తప్పక చేర్చండి, మరమ్మతుల సంఖ్య చెప్పలేనిది అవి చెబుతాయి. ఎప్పుడు మార్చడం లాభమన్న ప్రశ్నకు 1979లో షమీర్, హోవార్డ్ అనే ఇద్దరు ఒక సూటి పద్ధతి చూపారు. పగుళ్ల సంఖ్య ఏటేటా ఏ వేగంతో పెరుగుతున్నదో గమనించి, అప్పటివరకు మరమ్మతులకు అయ్యే ఖర్చు, కొత్త పైపు ఖర్చు రెండూ నేటి విలువలో కలిపితే అన్నిటికన్నా తక్కువ పడే సంవత్సరాన్ని గుర్తించడమే దాని సారం. మరమ్మతు ఖర్చులో రోడ్డు ప్యాచ్ పని, ఆ రోజు పంపిన ట్యాంకర్లు, వృథా అయిన నీటి విలువ కూడా కలపండి. వీటిని వదిలేస్తే పాత పైపే ఎప్పటికీ చవకగా కనిపిస్తుంది.

మీ పట్టణం పెద్దది కాదు గనుక ఏడాదికి నమోదయ్యే పగుళ్లు కూడా పరిమితమే. పట్టికలో ముప్పై గడులు పెట్టి క్లిష్టమైన నమూనా కడితే అది కాకతాళీయాలను నేర్చుకుంటుంది. పైపు రకం, వ్యాసం, వేసిన పథకం, నేల, గత పగుళ్లు, రోజువారీ విడతలు అన్న ఆరేడు వివరాలతో ఎక్సెల్ షీటులోనే మొదలుపెట్టండి. వచ్చే నిధులలో చిన్న భాగాన్ని జాబితా మంచివని చెప్పిన వీధులలో అక్కడక్కడ గొయ్యి తీసి చూడడానికి ఉంచండి, ముఖ్యంగా సచివాలయ సోదరుడు చెప్పిన, ఫిర్యాదులు రాని చివరి కాలనీలలో. చూడని చోట లెక్క ఎప్పటికీ మెరుగుపడదు.

తరువాత ఆ సంస్థతో ఒప్పందం చేసుకున్నా, మీరు ఇచ్చిన సమాచారమూ వారు చేర్చిన గుర్తులూ పురపాలక సంఘానికే చెందుతాయని, ఏ సాఫ్ట్‌వేరులోనైనా తెరుచుకునే ఫైలుగా ప్రతి మూడు నెలలకూ అప్పగించాలని ఒప్పందంలో రాయించుకోండి. మీ మరమ్మతు రిజిస్టరులో ఒక పేజీ నమూనాను ఫిర్యాదుదారుల పేర్లు, ఫోను నంబర్లు తీసివేసి ఇక్కడ పెడితే, గడులు ఎలా విభజించాలో నేను రాసి చూపగలను.